రాముడి తెరమీదే కేతిగాడు

దేవుడి కథ నడుస్తున్న చోట ఎగతాళికి తావుందా? సాటి మనిషిని ఉన్నదానికన్నా వికారంగా చూపించి నలుగురినీ నవ్వించడం ధర్మమేనా? పత్రికల్లో ఏ కార్టూన్ మీదో గొడవ రేగినప్పుడల్లా ఈ ప్రశ్నలు కొత్తగా పుట్టినట్టు కనిపిస్తాయి. ధర్మవరం మండలం నిమ్మలకుంటలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు మాత్రం తరతరాలుగా వీటికి తమ పద్ధతిలో జవాబు చెబుతూనే ఉన్నాయి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, వెలుగు దూరేంత పలచన చేసి, ఉలితో చిల్లులు కొట్టి, రంగులద్ది వాళ్లు రాముణ్ణీ సీతనూ హనుమంతుణ్ణీ రావణుణ్ణీ తయారుచేస్తారు. అదే తోలుతో కేతిగాణ్ణీ బంగారక్కనూ జుట్టుపోలిగాణ్ణీ కూడా చేస్తారు. రంగనాథ రామాయణం ద్విపదలు సాగుతూండగా ఒక ఘట్టానికీ మరో ఘట్టానికీ నడుమ ఈ హాస్యగాళ్లు తెరమీదికి దూకుతారు. మొరటు రూపాలు, ఎటుపడితే అటు ఊగే కాళ్లూ చేతులూ, అదుపులేని నోళ్లు. మొగుడూ పెళ్లాల తగవులు, అప్పులిచ్చేవాళ్ల లెక్కలు, ఊరి పెద్దమనుషుల పోకడలు వాళ్ల మాటల్లో దొర్లుతాయి. వాళ్లకోసం వేరే తెర కట్టరు, వేరే దీపం పెట్టరు. రాముడి నీడ పడిన గుడ్డమీదే కేతిగాడి నీడా పడుతుంది. ఈ ఏర్పాటు వెనక ఒక ఆలోచన ఉంది. దాన్ని తేలిగ్గా తీసుకోకుండా చివరిదాకా తరచి చూడాలి.

నవ్వు ఎక్కణ్ణుంచి పుడుతుందన్న ప్రశ్నకు నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు ఇచ్చిన జవాబు వికృతి. వేషం వికృతమైతే, అలంకారం వికృతమైతే, నడకా మాటా వికృతమైతే నవ్వొస్తుంది. వెయ్యేళ్ల కిందట కాశ్మీరంలో ఆ శాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు ఈ జవాబును మరింత లోతుకు తీసుకుపోయాడు. ఏ భావమైనా అనుచితమైన చోట ప్రవర్తిస్తే అది హాస్యానికి కారణమవుతుందన్నాడు. సీత మీద రావణుడి మోహం ఆయన తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి. రావణుడు తన మటుకు తాను ప్రేమలో మునిగాననే అనుకుంటాడు. చూసేవాళ్లకు మాత్రం ప్రేమ వేషం కట్టిన దురాశ కనిపిస్తుంది. ఆ కనిపించడమే నవ్వవుతుంది. ఆయన దగ్గర చదువుకున్న క్షేమేంద్రుడు ఔచిత్యం మీద శాస్త్రమూ రాశాడు, ప్రజల్ని పీక్కుతినే కాయస్థ ఉద్యోగుల మీద నర్మమాల అనే వ్యంగ్య కావ్యమూ రాశాడు. ఒకే మనిషి ఈ రెండు పనులూ చేయడంలో ఆశ్చర్యం లేదు. ఏది తగునో తెలిసినవాడికే తగనిది కంట్లో గుచ్చుకుంటుంది. నా వాదనకు పునాది ఇదే. మనిషి కూర్చున్న పీటకూ అతను చేస్తున్న పనికీ మధ్య ఎంత ఎడముందో గీత అంత వంకర పోవచ్చు. ఆ ఎడాన్ని బయటపెట్టే వికారం ధర్మం. పుట్టుకనూ ఒంటిరంగునూ అవిటితనాన్నీ పేదరికాన్నీ వెక్కిరించే వికారానికి అలాంటి ఆధారం ఏదీ లేదు కనక, అది ఎంత నవ్వించినా అధర్మమే.

మొదటి అభ్యంతరం సత్యం వైపు నుంచి వస్తుంది. ఉన్న ముక్కును మూరెడు చేసి చూపడం అబద్ధమే కదా, అబద్ధంతో ధర్మాన్ని ఎలా నిలబెడతారు అని. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షి వీరభద్రాలయం ఈ అభ్యంతరానికి రెండు రకాలుగా సమాధానమిస్తుంది. అచ్యుతదేవరాయల కాలంలో, 1530ల్లో, పెనుకొండ కేంద్రంగా విజయనగర రాజ్యానికి సేవచేసిన విరుపణ్ణ కట్టించిన గుడి అది. నాట్యమండపం స్తంభాల్లో మూడు కాళ్ల భృంగి నాట్యమాడుతుంటాడు. శరీరశాస్త్రం ప్రకారం అది అబద్ధమే. ఒక్క శివుణ్ణి తప్ప ఎవరినీ కొలవనన్న భక్తుడి మొండితనం గురించి ఆ మూడో కాలు చెప్పేది మాత్రం నిజం. రావణుడి పది తలలూ అంతే. మన శిల్పానికీ చిత్రానికీ అతిశయమే వ్యాకరణం. లోపలి గుణాన్ని బయటి అవయవంగా మార్చి చూపే పద్ధతి దేవతలకూ రాక్షసులకూ చెల్లినప్పుడు అధికారులకు ఎందుకు చెల్లదు? రెండో సమాధానం పైకప్పు చిత్రాల్లో ఉంది. విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు పొడవాటి కుళ్లాయిలు పెట్టుకుని భక్తితో, హుందాగా నిలబడిన బొమ్మ అక్కడ ఉంది. అది అధికారం తనకోసం తాను గీయించుకున్న రూపం. గుడికి ఖర్చయిన సొమ్ము ఎక్కడిదన్న ప్రశ్న ఆ బొమ్మలో లేదు. ఖజానా సొమ్ము వాడాడన్న నింద పడి విరుపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడని జనం చెప్పుకునే కథలో ఆ ప్రశ్న బతికింది. కథ చరిత్రగా నిలుస్తుందో లేదో పక్కన పెడదాం. అందమైన దాతచిత్రం కూడా కొంత చూపి కొంత దాస్తుందని, దాచినదాన్ని జనం మరో రూపంలో వెతుక్కుంటారని అది చెబుతోంది. వ్యంగ్యచిత్రం అబద్ధమైతే దర్బారుచిత్రం అంతకన్నా పెద్ద అబద్ధం. ఒకదానికి మరొకటి బదులు చెప్పుకునే హక్కు ఉండాలి.

వ్యంగ్యం రాజ్యాన్ని నిలదీసిన సందర్భానికి ఈ సీమలోనే పాత సాక్ష్యం ఉంది. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో కల్నల్ మెకంజీ సేకరింపజేసిన ఊళ్ల చరిత్రల్లో, అంటే కైఫీయత్తుల్లో, మాచుపల్లి కైఫీయత్తు ఒకటి. సిద్ధవటం ప్రాంతాన్ని ఏలిన సంబెట గురవరాజు పన్నుల సొమ్ము రాబట్టడానికి ఆడవాళ్లను చెప్పరాని హింసలు పెట్టేవాడని అది చెబుతుంది. అటుగా వచ్చిన కూచిపూడి భాగవతులు ఆ ఘోరాన్ని చూసి విజయనగరం వెళ్లారు. వీరనరసింహ రాయల ముందు ప్రదర్శన ఇచ్చే అవకాశం దొరికినప్పుడు ఒకరు గురవరాజు వేషం, ఒకరు బంటు వేషం, మరొకరు హింస పడుతున్న స్త్రీ వేషం కట్టారు. రాయలు విషయం గ్రహించి సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి చంపించాడంటుంది ఆ కైఫీయత్తు. వాళ్లు అర్జీ రాసుకుని పోలేదు. రాసిన అర్జీని మధ్యలో ఎవరో ఒకరు తొక్కిపెట్టగలరు. కళ్లముందు ఆడిన వేషాన్ని చూడలేదనడం రాజుకు కూడా కుదరదు. ఆ భాగవతులు చూపించినది గురవరాజు ముఖం తీరునో కులాన్నో కాదు. కాపాడవలసిన చెయ్యి హింసించే చెయ్యిగా మారిన తీరును. ఆ సభలో నవ్వు ఎంతసేపు నిలిచిందో చెప్పలేం గానీ, వేషం లక్ష్యం మాత్రం పీటకూ పనికీ మధ్య ఉన్న ఆ ఎడమే.

ఇదే ఎడాన్ని మూడు శతాబ్దాల తర్వాత పారిస్‌లో చిత్రకారులు లితో రాయిమీద గీశారు. 1830 జులై విప్లవం లూయీ ఫిలిప్‌ను ప్రజల రాజుగా గద్దెనెక్కించింది. ఆ ఏడాదే షార్ల్ ఫిలిపోఁ లా కారికాత్యూర్ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. పత్రికాస్వేచ్ఛ పేరు చెప్పుకుని వచ్చిన రాజు పత్రికల మీదే కేసులు పెట్టడం మొదలుపెట్టాక, 1831 నవంబరులో ఫిలిపోఁ కోర్టులో నాలుగు బొమ్మలు గీసి చూపించాడు. రాజు ముఖం మెట్టుమెట్టుగా బేరిపండుగా మారిపోయింది. పోలిక ఉందని శిక్షిస్తే ఇక పండును కూడా శిక్షించాలి కదా అన్నది ఆయన వాదన. కోర్టు ఆయనకు శిక్ష వేసింది, బేరిపండు మాత్రం పారిస్ గోడలన్నీ ఎక్కింది. ఆ డిసెంబరులో చిత్రకారుడు ఒనొరే దోమియే గార్గాంట్యువా అనే బొమ్మ వేశాడు. బక్కచిక్కిన జనం గంపలతో మోసుకొచ్చే సొమ్ము ఒక వాలుబల్ల మీదుగా పోయి రాజు నోట్లో పడుతుంది. కింద ఆయన ఆసనం నుంచి బిరుదులూ పదవులూ రాలుతుంటే ఆశ్రితులు ఏరుకుంటారు. దానికి దోమియేకు ఆరు నెలల జైలు పడింది. అందులో లావుపాటి మనిషిని చూసి నవ్వమన్న పిలుపు లేదు. పన్ను ఎటు పోతోందో చూడమన్న పిలుపు ఉంది. 1834 ఏప్రిల్‌లో ట్రాన్స్‌నొనాఁ వీధిలో సైనికులు ఇళ్లలోకి చొరబడి జనాన్ని చంపినప్పుడు అదే దోమియే ఏ వికారమూ లేకుండా, నైటుషర్టుతో నేలకొరిగిన మనిషినీ, అతని కింద నలిగిన పసిబిడ్డనూ ఉన్నదున్నట్టు గీశాడు. ఎక్కడ వికారం కావాలో, ఎక్కడ ఉన్నది చూపితే చాలునో ఎరిగిన చెయ్యి అది. ఆ ఎరుకే వ్యంగ్యకారుడి నీతి.

ఇక భక్తి వైపు నుంచి వచ్చే అభ్యంతరం. అధికారులనూ రాజులనూ ఏమైనా అనుకోండి, దేవుడి సన్నిధిలో వెకిలితనం దేనికి అంటారు. ఈ మాట అనేవాళ్లు మన సంప్రదాయాన్ని సగమే చూస్తున్నారు. హాస్యరసానికి భరతుడు చెప్పిన అధిదేవతలు ప్రమథులు, అంటే వికృతరూపులైన శివుడి పరివారమే. సంస్కృత నాటకంలో విదూషకుడు తిండిపోతు బ్రాహ్మణుడు. పొట్టివాడుగా, గూనివాడుగా, పళ్లెత్తువాడుగా శాస్త్రమే అతణ్ణి వర్ణించింది. తెలుగు భక్తులైతే సాక్షాత్తు దేవుణ్ణే దెప్పిపొడిచారు. కాసుల పురుషోత్తమ కవి ఆంధ్రనాయక శతకం నిండా నిందాస్తుతే. చెరసాలలో ఉన్న రామదాసు రాముడితో ఆడిన నిష్ఠూరాలు ఇప్పటికీ భజనల్లో పాడుకుంటున్నాం. దేవుడు అవన్నీ వింటాడనీ, వాటివల్ల చిన్నబోడనీ ఆ భక్తుల నమ్మకం. ఓర్చుకోలేనిది ఎప్పుడూ ఆయన పక్కన కూర్చున్న మనుషులే. ఈ తేడా నాట్యశాస్త్రానికి బాగా తెలుసు. మొదటి నాటకంలో తమ ఓటమిని చూపారని అసురులు అలిగినప్పుడు, నాట్యం ఒక పక్షానిది కాదని, ముల్లోకాల నడతనూ చూపుతుందని బ్రహ్మ వాళ్లకు నచ్చజెబుతాడు. అదే గ్రంథం చివర భరతుడి కొడుకులు ఋషులను అనుకరిస్తూ ఎగతాళి ప్రదర్శన ఇస్తారు. ఋషులు మండిపడి వాళ్లను శూద్రులు కమ్మని శపిస్తారు. దేవతల సభలో సర్దుబాటైనది ఋషుల దగ్గర శాపమైంది. ఆ శాపం వర్ణం నుంచి దించే రూపంలో రావడం కూడా గమనించాలి. దేవుడి పేరుమీద తమకు దక్కిన ఎత్తును కాపాడుకునేవాళ్లు ఎగతాళికి వేసే శిక్ష తరచూ అంతస్తు రూపంలోనే ఉంటుంది. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన గుడినీ మఠాన్నీ యాత్రనూ ఎగతాళి చేశాడు. ఆయన్ని నాస్తికుడని ఎవరూ తోసేయలేకపోవడానికి కారణం, ఆ ఎగతాళి అంతా లోపలి శుద్ధి కోసమే సాగడం. కాబట్టి దైవనింద అన్న మాట వినపడినప్పుడు ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. నొచ్చుకున్నది దేవుడా, దేవుడి దగ్గర పీట వేసుకున్నవాడా?

అయితే ఈ ప్రశ్న అన్ని చోట్లా పనిచేయదు. నొచ్చుకున్నది పీట లేని భక్తుడు కావచ్చు, అసలే అణగారిన సమూహం కావచ్చు. ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం, దీన్ని దాటవేసే హక్కు వ్యంగ్యాన్ని ప్రేమించేవాళ్లకు లేదు. రాజును నిలదీసిన దోమియేనే 1844లో పుస్తకాలు రాసే ఆడవాళ్లను, ఇల్లు వదిలేసిన వింత జీవులుగా చూపుతూ ఒక బొమ్మల వరస వేశాడు. ఆడది రాయడంలో అనౌచిత్యం ఏముంది? గీసేవాడి అలవాటులో తప్ప ఎక్కడా లేదు. ఫ్రెంచి సైన్యంలోని యూదు అధికారి డ్రేఫస్ మీద దేశద్రోహం మోపిన వ్యవహారం నడిచిన 1898లో ఫొరాఁ, కారాఁ దాష్ కలిసి నడిపిన ప్స్స్ట్ పత్రిక ఒక నిర్దోషికి జరిగిన అన్యాయాన్ని వెనకేసుకొచ్చింది, యూదుల పుట్టుకనే వికారంగా గీసింది. అదే కుంచె, అదే మెలకువ, ధర్మం మాత్రం తలకిందులైంది. మన దగ్గరా అంతే. బంగారక్క మీద, ఆమె ఒంటిమీద పేలే మోటు హాస్యంలో చాలా భాగం ఈ పరీక్షకు నిలవదు. దాన్ని సంప్రదాయం పేరుతో వెనకేసుకు రావలసిన పనిలేదు. 1949లో కార్టూనిస్టు శంకర్ గీసిన బొమ్మలో రాజ్యాంగ రచన అనే నత్తమీద అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ ఉంటారు. ఆ రోజు అది పని ఆలస్యమవుతోందన్న విసురు. 2012లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకంలో దాన్ని చూసిన దళితులకు అంబేడ్కర్ వీపు వెనక కొరడా కనిపించింది. గీత మారలేదు. కొరడాదెబ్బల చరిత్ర ఎవరిదో వాళ్ల కళ్లకు దాని అర్థం వేరు. వాళ్ల బాధను అజ్ఞానంగా కొట్టిపారేయడం అన్యాయం. 2015 జనవరి 7న పారిస్ వ్యంగ్యపత్రిక షార్లీ ఎబ్డో మీద జరిగిన దాడిలో పన్నెండు మందిని చంపిన తుపాకులకు ఏ సమర్థనా లేదు, బొమ్మకు బదులు ప్రాణం తీయడం ఏ ధర్మమూ ఒప్పదు. ఆ హత్యలను ఖండించిన నోటితోనే, అల్పసంఖ్యాకుల విశ్వాసాన్ని గీసేటప్పుడు పీట ఎవరిది, పని ఎవరిది అని కూడా అడగవచ్చు. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి రద్దు చేయవు.

ఈ హక్కుకూ ఈ హద్దుకూ మధ్య దారి ఏమిటి? భరతుడు హాస్యాన్ని ఆత్మస్థమని, పరస్థమని రెండుగా విడదీశాడు. ఒకటి తనను చూసుకుని తానే నవ్వేది, రెండోది ఇతరులను నవ్వించేది. తోలుబొమ్మల ఆటలో ఈ రెండూ విడదీయలేనంతగా కలిసిపోయాయి. కర్ణాటకలో బొమ్మలాడించే జాతికి కిళ్లేక్యాతలని పేరు. తెరమీద అందరికన్నా మోటుగా ఉండే హాస్యపు బొమ్మ పేరూ అదే. ఇంట్లో మరాఠీ యాస మాట్లాడుకుంటూ, ఊరూరా తిరిగి తెలుగులో రామకథ వినిపించిన మన బొమ్మలాట కుటుంబాలకు భూమీ లేదు, ఊళ్లో పెత్తనమూ లేదు. ఊరిని వెక్కిరించేముందు వాళ్లు తమ బతుకునే నల్లటి, మొరటు బొమ్మగా కోసి తెరమీద నిలబెట్టారు. తన్నులు ముందు కేతిగాడికే పడతాయి. ఆ తర్వాత అతను పెద్దమనిషి పేరెత్తితే ఊరు ఒప్పుకుంటుంది. నల్లటి మొరటు ఒంటిని చూసి నవ్వడం కష్టజీవిని అవమానించడం కాదా అంటే, ఆ ఒంటిని ఎవరు కోశారన్నది చూడాలి. బయటివాడు కోస్తే అది అవమానం. తనవాడే కోసి, దాన్ని రాముడి పక్కన నిలబెట్టి, దానినోటే నిజం పలికిస్తే అది హోదా. గీసేవాడు తానూ ఆ చట్రంలో నిలబడి ఉన్నాడా, లేక సురక్షితమైన అరుగుమీద కూర్చుని కిందివాళ్లను గీస్తున్నాడా అన్నది అనౌచిత్యం తర్వాత రెండో పరీక్ష. పగటివేషగాళ్ల నుంచి పత్రికా కార్టూనిస్టుల దాకా అందరికీ ఇది వర్తిస్తుంది.

ఇదంతా వృథా అనేవాళ్లూ ఉన్నారు. ఒక రాత్రి కడుపుబ్బ నవ్వుకున్న జనం పొద్దున లేచి అదే పెద్దమనిషికి దండం పెడతారు, నవ్వు కోపాన్ని చల్లార్చి యథాస్థితికే మేలు చేస్తుంది అని వాళ్ల వాదన. ఇందులో కొంత నిజముంది. గురవరాజును శిక్షించింది నవ్వు కాదు, అతనికన్నా పెద్ద రాజు. నవ్వు ఎవరినీ గద్దె దింపదు. కాని నవ్వు నిజంగా పాలకులకు మేలు చేసేదైతే వాళ్లు దాన్ని పెంచి పోషించి ఉండాలి. జరిగింది వేరు. 1835 సెప్టెంబరులో ఫ్రెంచి ప్రభుత్వం తెచ్చిన చట్టాలు బొమ్మ అచ్చయ్యేముందే అనుమతి తీసుకోవాలన్నాయి, రాతకు ఆ షరతు పెట్టలేదు. కలకత్తాలో ఒక ప్రహసనం బ్రిటన్ యువరాజు సేవలో తరించిన ఒక పెద్దమనిషిని ఎగతాళి చేశాక, 1876లో బ్రిటిష్ ప్రభుత్వం నాటక ప్రదర్శనలను నిషేధించే చట్టం తెచ్చింది. చదువురానివాళ్లకూ ఒక్క చూపులో అందే విమర్శ అంటే పాలకులకు అంత భయం. కేతిగాడి బలం కూడా అక్కడే ఉంది. రామకథకు పుస్తకముంది, కేతిగాడి మాటకు లేదు. ఆ ఊరికి, ఆ రాత్రికి అప్పటికప్పుడు పుట్టే మాట అది, ముందుగా తెప్పించుకుని కొట్టివేయడానికి కాగితమే లేదు. అతను పెద్దమనిషిని దించలేకపోవచ్చు. దండం పెట్టే చేతులకు మాత్రం తాము ఎవరికి, ఎందుకు పెడుతున్నామో తెలిసేలా చేస్తాడు. భయంతో పెట్టే దండానికీ తెలిసి పెట్టే దండానికీ తేడా ఉంది. జ్ఞానం అన్న మాటకు మన వేదాంతులు ఇచ్చిన విలువలో రవ్వంతైనా లోకవ్యవహారానికి ఇవ్వగలిగితే, ఈ తెలియడం చిన్న ఫలం కాదు.

రాముడి తెరమీద కేతిగాడు ఎందుకున్నాడో ఇప్పుడు చెప్పవచ్చు. కొలబద్ద లేకుండా వంకర కనపడదు. ధర్మం ఇలా ఉంటుందని రాముడి కథ చూపుతుంది, ఊళ్లో అది ఎలా ఉందో కేతిగాడు చూపుతాడు. మొదటిది లేకపోతే రెండోది వట్టి వెకిలితనం. రెండోది లేకపోతే మొదటిది పెద్దల దగ్గర పాఠంగా మిగిలిపోతుంది. భక్తి, పరిహాసం ఒకదానికొకటి శత్రువులన్న మాట ఈ నేలమీద పుట్టినది కాదు. నిమ్మలకుంట కళకు ఇవాళ గౌరవం దక్కుతోంది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలు ఇప్పుడు దీపాల షేడ్లుగా, గోడ అలంకారాలుగా దూరదేశాల ఇళ్లకు చేరుతోంది. ఆ కుటుంబాలకు అన్నం పెడుతున్న ఆ మార్పును తప్పుపట్టలేం. కాని షేడుగా మారిన బొమ్మకు రూపం ఉంటుంది, నోరు ఉండదు. హనుమంతుడు గోడమీద కూడా హనుమంతుడే, కేతిగాడు మాట పోతే కేతిగాడు కాడు. కాబట్టి ఈ కళను కాపాడతామనే ప్రభుత్వాలూ దేవస్థానాలూ బడులూ బొమ్మలు కొనడంతో ఆగకూడదు. తిరునాళ్లలో, శివరాత్రి జాగారాల్లో, బడి వార్షికోత్సవాల్లో తెల్లవార్లూ ఆట ఆడించాలి, ఆ ఆటలో కేతిగాడు వేదికమీద కూర్చున్న అధికారి పేరో, గుడి ధర్మకర్త పేరో, ప్రజాప్రతినిధి పేరో ఎత్తినప్పుడు మైకు కట్టేయకూడదు. ఆ పేర్లవాళ్లు ముందు వరసలో కూర్చుని వినాలి. ఆటగాళ్లు కూడా బలహీనుల మీద పేలే పాత హాస్యాన్ని తామే వదులుకుని, పీటకూ పనికీ మధ్య ఎడమున్న చోటికి తమ మాటను తిప్పాలి. ఈ రెండూ జరిగితే ఈ కళతో పాటు దాని వెనకున్న ధర్మమూ బతుకుతుంది.